మౌనంలో మింగిన పన్ను

మా ఆయన పౌరోహిత్యం చేస్తారు. ఔపోసన పట్టి భోజనానికి కూర్చున్నారంటే లేచి చెయ్యి కడుక్కునేదాకా మాట్లాడరు. విస్తట్లో వడ్డించినది మెతుకు వదలరు. ఏం కావాలన్నా సైగే. ఆ సైగలు నాకు తెలిసినంతగా భీమడోలు మొత్తంలో ఇంకెవరికీ తెలియవని నా ధీమా.

ఆ మధ్యాహ్నం పులుసులో ములక్కాడ నములుతూ గొంతు మీద వేలు పెట్టి చూపించారు. మజ్జిగ కాబోలనుకుని అన్నం పెట్టి పోశాను. మళ్ళీ చూపించారు. మళ్ళీ పెట్టి పోశాను. ఆయన నన్నొక చూపు చూసి, అదంతా తిని, లేచి, చెయ్యి కడుక్కుని, పుక్కిలించి, అప్పుడు నోరు విప్పారు.

"పన్ను మింగేశానే."

కట్టుడు పన్ను. గులాబీ రంగు పలక, దానికి అటూ ఇటూ తీగ కొక్కేలు.

"అప్పుడే చెప్పొచ్చు కదండీ!"

"ఎలా చెప్పను? మౌనంలో ఉన్నానుగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఆటో ఎక్కించి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ఎక్స్‌రేలో పలక కనపడలేదు. కొక్కేలు మాత్రం కడుపులో శుభ్రంగా కనపడ్డాయి.

"కడుపు నిండుగా ఉందండీ. దాన్ని తియ్యడానికి ఇప్పుడే నోట్లోంచి గొట్టం వేస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సాయంత్రం దాకా ఆగాలి. ఈలోగా అది పేగుల్లోకి దిగి గుచ్చుకుంటే మాత్రం ఆపరేషనే" అన్నారు డాక్టరుగారు. అంత మజ్జిగన్నం ఎవరు పెట్టారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా ఆయన మంచం మీద జపం చేసుకుంటున్నారు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. ఈ మనిషికి ఏమన్నా అయితే రేపటినుంచి ఎవరి సైగ చూసి వడ్డించను?

నర్సమ్మ లోపలికి పంపే సామాను చూపించింది. పొడుగాటి తీగ కొసన బుల్లి పట్టకారు, ఇంకో తీగకి ముడుచుకున్న బుల్లి వల.

"మాది గణపవరమండీ, అంతా చేపల చెరువులేనండీ. చెరువులో వలేసినట్టేనండీ, ఏం భయం లేదండీ."

పుట్టి బుద్ధెరిగి చేపను ముట్టని మనిషి కడుపులో వల వేస్తారన్నమాట.

సాయంత్రం ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. పట్టకారుకి పలక జారిపోయిందట. వలకి చిక్కిందట. పైకి లాగేటప్పుడు కొక్కేలు గొంతు చీల్చకుండా గొట్టం కొసకి మెత్తటి రబ్బరు తొడుగు వేశారట. డాక్టరుగారు పన్నుని ట్రేలో పెట్టి చూపించారు.

"గొంతుకి అడ్డం పడితే మౌనం గీనం పక్కన పెట్టి చెప్పాలండీ, పంతులుగారూ."

ఆయన తల ఊపారు. ఊపడానికేం, ఎప్పుడూ ఊపుతూనే ఉంటారు.

మర్నాడు మెత్తగా పప్పన్నం పెట్టాను. ఔపోసన పట్టారు. రెండు ముద్దలు తిన్నారు. మూడో ముద్దకి చెయ్యి ఆగింది. నేను గబుక్కున ఆయన గొంతు వంక చూశాను.

"పప్పులో ఉప్పెక్కువైందే."

మా కాపురంలో విస్తరి ముందు ఆయన మాట్లాడిన మొదటి మాట. ఇంకెప్పుడైనా అయితే గరిటె విసిరికొట్టేదాన్ని. అలాంటిది ఏడుపు ఆగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగాను.

"ఉప్పెక్కువైంది ఇవాళేనా అండీ?"

ఆయన నింపాదిగా ముద్ద కలుపుకుంటూ అన్నారు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీనే."