కుప్పం లేతు, పుంగనూరు లేతు

మదనపల్లెలో మా బావా నేనూ నడిపే షాపులో బోరు మోటార్ల షాఫ్టులు తిప్పుతాం. తిప్పేది బావ. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఫోన్లు ఎత్తుతాను. పాత లేతుతో పని సాగక, కంప్యూటరుతో నడిచే సీఎన్సీ లేతు కొనాలనుకున్నాం. వాడినవి రెండు తేలాయి: పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి.

పుంగనూరు మిషను రిటైర్మెంటు దగ్గరపడిన గుమాస్తాలా పనిచేసింది. తప్పు లేదు, తొందరా లేదు. అయితే మా షాఫ్టుల్లో పొడుగువి దాంట్లో పట్టవు. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఆటబొమ్మ కదప్పా" అన్నాడు.

కుప్పంది బొమ్మ కాదు. రామకుప్పం దారిలో ఒక రేకుల షెడ్డు, అందులో సగం అదే. బావ దాన్ని చూసినట్టు మా అక్కను చూడడం నేనెప్పుడూ చూడలేదు. యజమాని పెద్దాయన, మాట తక్కువ. పని తగ్గించుకుంటున్నానని, అందుకే అమ్ముతున్నానని చెప్పాడు. షెడ్డు బయట పనికిరాని ఇనుము గుట్టగా పడి ఉంది.

మిషను ఒళ్ళంతా గీతలు, పెచ్చులూడిన రంగు. తలుపుకున్న అద్దం ఒక్కటే కొత్తది. షాఫ్టు లోపల తిరుగుతుంటే నడిపేవాడు చూసేది ఆ అద్దంలోంచే. ఏనుగు గాని తొక్కిందా అని అడిగాను. ఏనుగులు పొలాల్లో పడే ఊళ్ళు కదా, నవ్వగలిగిన జోకే. ఎవరూ నవ్వలేదు. మిషను నడిపే ఆపరేటరు గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న తలుపును తుడవసాగాడు.

నడిపి చూపమన్నాం. ఆపరేటరు బటన్ నొక్కి పక్కకు జరిగాడు. యజమాని అప్పటికే పక్కన ఉన్నాడు. కంగారేమీ లేదు, చినుకు పడితే చూరు కిందికి జరిగినట్టు జరిగారు. వేగం పెరిగి, రొద సన్నబడి ఈలలా మారింది. బావ వెళ్ళి సరిగ్గా అద్దం ముందు నిలబడ్డాడు. కొంటే రోజంతా ఆయన నిలబడాల్సిన చోటు అదే.

యజమాని నన్ను చూశాడు. బావ వీపును చూశాడు. ఒక మనిషి తన బేరాన్ని మనసులో తూకం వేసుకుంటున్నట్టు కనిపించింది. తూకానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

"ఈ పక్కకు రాప్పా," అన్నాడు చివరికి. "ఆడ నిలబడొద్దు."

"యాల?" అన్నాడు బావ, తిరగకుండానే.

"షాఫ్టును పట్టుకునే చక్కు ఒక్కోసారి వదిలేస్తాది. ఎప్పుడనేది మాకూ తెలీదు."

బావ పక్కకు వచ్చాడు. రిపేరు చేయించలేదా అని అడిగాను. చేయించారట, ఒకసారి కాదు. పాత అద్దం పగిలినప్పుడు దాని ముందు ఎవరున్నారని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమో అనిపించింది.

దారిలో పలమనేరు దాకా బావ ఒకే మాట మాట్లాడాడు. "పొడుగు మాత్రం బాగుండాది."

పుంగనూరుది తెచ్చుకున్నాం. పొడుగు షాఫ్టులతో వచ్చేవాళ్ళను వేరే షాపులకు పంపేస్తున్నాం.

కుప్పం మిషను బైరెడ్డిపల్లె వైపు ఎవరో కొన్నారని తర్వాత విన్నాం. వాళ్ళకూ పెద్దాయన చెప్పే ఉంటాడని బావ అంటాడు. అవునని నేనూ అంటాను. కానీ బావ వెళ్ళి అక్కడ నిలబడ్డాడు కాబట్టే ఆయన నోరు విప్పాల్సి వచ్చింది. కొన్నవాళ్ళు మర్యాదస్తులై, ఆయన నిలబడిన పక్కనే నిలబడి చూసుకుని ఉంటే, చెప్పాల్సిన అవసరమే ఆయనకు పడి ఉండదు.