చీటీలో రాసిన మెచ్చుకోలు

అల్లూరులో జాకెట్లు కుట్టే ఒక అక్క బ్లాగు రాసేవారు. తన షాపుకి వచ్చే ఆడవాళ్ళ గురించి, ఎవరి పేరూ చెప్పకుండా. రెండేళ్ళుగా ఒక్కటీ వదలకుండా చదివాను. నచ్చిన వాక్యాలు డైరీలో ఎక్కించుకున్నాను. ఆమె మూడు నెలలుగా ఏమీ రాయలేదు. మళ్ళీ రాయమని చెప్పి రావాలనిపించింది. బ్లాగు ఫొటోలో సగం కనిపించే షాపు బోర్డును మా పిన్ని గుర్తుపట్టింది. ఒక జాకెట్టు గుడ్డ కొని బస్సెక్కాను.

నోటితో చెప్పలేనని ముందే తెలుసు. ఆ షాపు పద్ధతి బ్లాగులోనే చదివాను. ఎలా కుట్టాలో చీటీ మీద రాసి గుడ్డకి గుండుసూదితో గుచ్చి ఇవ్వాలి. మధ్యాహ్నం షాపు ఖాళీ అయ్యాక ఆమె ఒక్కరే కూర్చుని చీటీలు చదువుకుంటారు. అందుకని మెడ, చేతుల సంగతి రెండు వరసల్లో రాసి, దాని కింద నేను చెప్పాలనుకున్నదంతా రాశాను.

షాపంటే వాళ్ళింటి ముందు గదే. మిషను వెనక ఆమె, తల మీద చున్నీ, మెడలో టేపు. బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నా మూట అందుకోగానే ఆమె చీటీ విప్పారు.

"ఇప్పుడు మనిషి ముందరే చదివేస్తా పాపా. లేకుంటే నేనట్టా చెప్పలేదని తగాదాకొస్తా ఉండారు."

ఈ కొత్త పద్ధతి బ్లాగులో లేదు.

"వెనక మెడ మరీ లోతు వద్దు. చేతులు మోచేతి దాకా. అక్కా, మీరు రాసిన..." ఆమె పైకి చదవడం ఆపేశారు. కళ్ళు మాత్రం కిందికి దిగుతూనే ఉన్నాయి.

"ఏంది, ఒక్క జాకెట్టుకి అంత రాసిందా?" అని బల్ల మీది పెద్దామె నవ్వింది.

"పెళ్ళి జాకెట్టేమోలే," అంది రెండో ఆమె.

నా కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి.

"ముందర హుక్కులంట, లైనింగంట," అన్నారు అక్క, నేను రాయని మాటలు చదువుతున్నట్టు. చీటీ మడిచి సొరుగులో పెట్టారు. "ఈ ఆది జాకెట్టు వదులుగా ఉండాది. లోపలికి రా, చూస్తా."

తెర వెనక, నేను కొలతకి తెచ్చిన ఆ పాత జాకెట్టును చుడీదారు మీదే తొడిగించి, ఆమె గుండుసూదులు పెదాల మధ్య పట్టుకున్నారు. ఇక ఆమె మాట్లాడలేరు. బహుశా అందుకే నేను మాట్లాడగలిగాను. జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆమె గురించి రాసింది నాకు అన్నిటికన్నా ఇష్టమని చెప్పాను. చేతులు రెండూ ఎప్పుడూ తడిగా ఉంటాయని, ఫోనుకి జాకెట్టు లోపల జేబు కుట్టమని ఆమె అడగడం, ఆ జేబు మూడుసార్లు విప్పి కుట్టడం. అది చదివాకే, నాట్లప్పుడు మా అమ్మ ఫోను ఎక్కడ దాచుకుంటుందో గమనించానని చెప్పాను.

సూదులన్నీ గుచ్చడం అయ్యాక ఆమె అన్నారు: "దాంతోనే పోయింది మా సావాసం."

"ఎందుకక్కా?"

"ఆమెకి చదువు రాదు. నిన్ను ఎగతాళి చేస్తా రాసిందని ఎవరో ఆమెకి చెప్పినారంట. గుడ్డలన్నీ మూట కట్టుకొని పోయింది. పదేళ్ళుగా వచ్చే మనిషి. ఇంకేం రాసేది?"

"అందులో ఎగతాళి లేదక్కా. మీరే చదివి వినిపించొచ్చు కదా?"

"నేను చదివితే నమ్మదు." ఫోనులో ఆ పేజీ తెరిచి నా చేతికిచ్చారు. "నువ్వు చదువు. రికార్డు చేసి ఆమె కూతురికి పంపిస్తా."

కాలేజీలో హాజరు పలకడానికే గొంతు పెగలని దాన్ని. వద్దనడానికి నోరు తెరిచాను. కానీ ఆమె అప్పటికే ఇంకో ఫోను నా గడ్డం దగ్గర పట్టుకుని నిలబడ్డారు. ఒళ్ళంతా సూదులు, కదలడానికి లేదు. చదివాను.

తెర అవతల మాటలు ఆగిపోయాయి. మూడోసారి జేబు విప్పే చోటుకి వచ్చేసరికి పెద్దామె కేకేసింది: "నాకూ అట్టాంటిది ఒకటి కుట్టు! నా ఫోను ఎప్పుడూ బియ్యం డబ్బాలోనే పోతాంది!"

నేను ఆగిపోయాను. ఆగవద్దని అక్క చేత్తో సైగ చేశారు. చివరిదాకా చదివాను. మళ్ళీ మొదటి నుంచి చదవనా అని అడిగితే, ఆ కేక ఉంటేనే చేపలామె నమ్ముతుందని, అట్లాగే పంపించేశారు.