రిమాస్ కోసం కల్లాంగ్ దాకా

శనివారం మధ్యాహ్నం మూడున్నరకు నేనూ, మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి ఆయేషా సింగపూర్ పడమటి కొసనున్న బూన్ లే స్టేషన్లో రైలెక్కాం. ఆయేషా వాళ్ల నాన్న ఖాదర్ అంకుల్ సీట్లు పట్టాలని మాకంటే గంట ముందే బయల్దేరారు. వెళ్లేది కల్లాంగ్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి. కారణం రిమాస్.

రిమాస్ లిథువేనియా నుంచి వచ్చిన ప్రొఫెషనల్ ఆటగాడు. రెండేళ్లుగా ఇక్కడి ఒక క్లబ్బుకు ఆడుతూ మా బ్లాకులోనే ఉంటున్నాడు. మా లిఫ్టులోకి తల వంచి దూరే మనిషి అతనొక్కడే. సాయంత్రాలు కింద కోర్టులో ఆయేషాకు ఆట నేర్పుతాడు. నేను ఒకప్పుడు గుంటూరులో కాలేజీ టీముకు ఆడినదాన్ని కాబట్టి, అడక్కపోయినా మధ్యలో దూరి సలహాలిస్తుంటాను.

ఆ సీజన్లో ఇదే చివరి మ్యాచ్. రిమాస్ కాంట్రాక్టూ దీంతోనే అయిపోతుంది. క్లబ్బు యజమాని స్వయంగా వచ్చి చూసి, ఉంచాలో పంపాలో తేలుస్తానన్నాడట. వైటూకే కంప్యూటర్ పని మీద ఇక్కడి సైన్స్ పార్కుకు చేరిన మా తెలుగువాళ్లకు ఆ బాధ కొత్తగా చెప్పనక్కర్లేదు. కాంట్రాక్టు పోతే వర్క్ పాస్ పోతుంది, పాస్ పోతే పెట్టె సర్దుకోవడమే. కాకపోతే ఆ రోజుల్లో మాకు ఒకటి పోతే రెండు ఉద్యోగాలు ఎదురొచ్చేవి. రిమాస్‌వి ముప్పై నాలుగేళ్ల మోకాళ్లు, వాటికి అలా ఎవరూ ఎదురు రారు.

మీరూ వెళ్లదలిస్తే ఒక మాట. రైలు మారే పని లేదు. బూన్ లే మొదటి స్టేషన్ కాబట్టి సీటుకు ఢోకా లేదు, ముప్పావుగంటలో నేరుగా కల్లాంగ్‌లో దిగవచ్చు. ఏసీ చలికి స్వెట్టర్ మాత్రం మరిచిపోకండి. జురాంగ్ ఈస్ట్‌లో జనం బాగా ఎక్కారు. ఆయేషా ఒళ్లో బంతిని చూసి ఎదురుగా కూర్చున్న చైనీస్ పెద్దాయన అడిగాడు.

"ఇండియన్ ఆల్సో వాచ్ బాస్కెట్‌బాల్ ఆ?"

"నాట్ ఓన్లీ వాచ్ అంకుల్, ప్లే ఆల్సో లా," అంది ఆయేషా. ఆయన బొటనవేలు పైకెత్తి చూపించాడు.

హాలు స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. సీట్లకు నంబర్లు లేవు. మూడు వైపులా సిమెంటు మెట్లు, కోర్టు అంచున మాత్రం ఒక వరుస మెత్తటి కుర్చీలు. వాటి మధ్యలో నాలుగు కుర్చీల మీద నాలుగు చేతిరుమాళ్లు! మెహదీపట్నం బస్సుల్లో కిటికీలోంచి చెయ్యి దూర్చి రుమాలు వేసి సీటు ఆపుకున్న అలవాటు అంకుల్‌ది. ఈ ఊరివాళ్లు తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తారు, అంటే ఈ జాగా మాదని గుర్తు పెడతారు, అదీ ఇదే విద్య.

"దస్తీ ఏసిన బేటా. ఫస్ట్ క్లాస్ జాగా! నాలుగోది టిఫిన్ డబ్బాకు," అన్నారు అంకుల్ గర్వంగా.

క్లబ్బు చొక్కాలు వేసుకున్న ఇద్దరు మనుషులు మా దాకా వచ్చి, రుమాళ్లను చూసి వెనక్కి వెళ్లారు. ఒకరు పెట్టిన గుర్తును ఇంకొకరు తీసేయడం ఇక్కడ మర్యాద కాదు.

అయిదింటికి ఆట మొదలవుతుండగా, చెప్పులేసుకున్న ఒక బక్కపలచటి పెద్దాయన వచ్చి, డబ్బా ఉన్న కుర్చీ ఖాళీయేనా అని అడిగాడు. అంకుల్ డబ్బాను ఒళ్లోకి తీసుకుని ఆయన్ను కూర్చోబెట్టారు, చేతిలో లుఖ్మీ కూడా పెట్టారు. లుఖ్మీ అంటే కీమా కూరిన నలుచదరపు సమోసా. ఆయన రెండోదీ కాదనలేదు.

"ఇంత పొడుగు మనిషి, ఒక్కసారి కూడా ఎగరడు. దండగ," అని కాసేపటికి ఆయన రిమాస్‌ను చూస్తూ సణిగాడు.

నాకు ఒళ్లు మండింది. "బంతిని చూడటం మానేసి అతని కాళ్లు చూడండి," అన్నాను. "అతను ఎదుటివాళ్లకు అడ్డంగా నిలబడిన చోటే మన టీములోని ఆ పొట్టి ఆటగాడికి దారి దొరుకుతోంది. అతన్ని తీసేస్తే ఈ టీమంతా గోడకేసి పరిగెత్తుతుంది." అక్కడితో ఆపానా, విరామం దాకా ఆయన చెవిలో పాఠం చెబుతూనే ఉన్నాను.

విరామంలో కోచ్ పరుగున వచ్చి ఆయన్ను "బాస్" అని పిలిచాడు. క్లబ్బు యజమాని ఆయనే! మేం కూర్చున్నవి ఆయన కోసం, ఆయన అతిథుల కోసం వేసిన కుర్చీలు.

"యా అల్లా, మాలిక్ కుర్చీల మీదనే దస్తీ ఏసిన్నా!" అంటూ అంకుల్ లేవబోయారు. యజమాని నవ్వి, భుజం పట్టి కూర్చోబెట్టాడు. "చోప్ అంటే చోప్," అన్నాడు. నేను మాత్రం కదల్లేదు, అన్నదాంట్లో తప్పేముందని? కానీ నా నోటి దురుసు రిమాస్ మీదికి వస్తుందేమోనని లోపల గుబులుగానే ఉంది.

చివరి నిమిషంలో స్కోరు సమానం. బంతి రిమాస్ చేతికి వచ్చింది. హాలంతా "షూట్, షూట్" అని అరిచింది, నేనూ అరిచాను. కాంట్రాక్టు కావాలంటే వేసెయ్యాలి కదా! అతను వెయ్యలేదు. బంతిని పొట్టి ఆటగాడికి అందించి, వెనక తరుముకొస్తున్నవాడి దారిలో నిలబడ్డాడు. వాడు వచ్చి రిమాస్ ఛాతీకి గుద్దుకున్నాడు. పొట్టి ఆటగాడు తాపీగా వెళ్లి బుట్టలో వేశాడు. జనం గంతులేస్తుంటే పక్కకు తిరిగి చూశాను. యజమాని ఇంకా రిమాస్ కాళ్లనే చూస్తున్నాడు.

ఏడున్నర రైలుకు రిమాస్ మాతోనే వచ్చాడు, మోకాలికి ఐసు సంచి కట్టుకుని. ఎప్పుడూ నాలుగు మాటలకు మించి మాట్లాడనివాడు ఆ రోజు నోరు విప్పాడు. కౌనస్ పట్టణంలో వాళ్ల నాన్న కట్టెల కొట్టం గోడకు బిగించిన ఇనప రింగుతో ఆట మొదలైందట. మనకు క్రికెట్ ఎంత పిచ్చో వాళ్లకు ఇది అంత పిచ్చి. పంతొమ్మిదో ఏట ప్రొఫెషనల్ అయ్యాడు. తర్వాత పోలండ్, జర్మనీ, సైప్రస్. అప్పట్లో అందరికంటే పైకి ఎగిరేవాడు. సైప్రస్‌లో మోకాలికి ఆపరేషన్ అయ్యాక అది పోయింది.

"ఎక్కడ నిలబడాలో అప్పుడే నేర్చుకున్నాను. అంతకుముందు నాకు ఆట రాదు," అన్నాడు.

"సో హౌ, కోచ్? బాస్ ఏమన్నాడు?" ఆయేషా ఉండబట్టలేక రిమాస్‌ను అడిగేసింది.

"ఒక ఏడాది ఇస్తానన్నాడు. నేను రెండు అడిగాను."

నేను తెలుగులో చెప్పగానే అంకుల్ నెత్తి పట్టుకున్నారు. "అరె, ఇచ్చింది తీస్కోవాలె గదా బేటా!"

ఆ మాటా అతనికి చెప్పాను. రిమాస్ ఐసు సంచి సర్దుకున్నాడు. "ఎగిరేవాళ్లు ఏటా దొరుకుతారు. టీముకు నిలబడటం నేర్పాలంటే రెండేళ్లు పడుతుంది. ఆలోచించి ఫోన్ చేస్తానన్నాడు." ఆ ధీమాకు నాకు భయమూ వేసింది, ముచ్చటా వేసింది.

క్లెమెంటీ దాటాక ఫోన్ మోగింది. విన్నాడు. "ఓకే, బాస్," అని పెట్టేశాడు. ఆయేషా అతని మొహంలోకి చూస్తోంది. రిమాస్ రెండు వేళ్లు చూపించాడు. ఆయేషా వేసిన కేకకు రైలు పెట్టెలోని వాళ్లంతా మా వైపు తిరిగారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

సింగపూర్లో చూడదగ్గవి ఏమిటని చుట్టాలు అడిగితే పక్షుల పార్కు, సెంతోసా దీవి చెప్పేదాన్ని. ఇప్పుడు ఈ ప్రయాణమే చెబుతున్నాను. తన విలువ తనకు తెలిసిన మనిషి పక్కన కూర్చుని ఇల్లు చేరడం నాకు అదే మొదటిసారి. బూన్ లేలో దిగాక రిమాస్ ఖాదర్ అంకుల్ భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. ఆ మోకాళ్లతో ఇంకా రెండేళ్లు. అడిగి మరీ తీసుకున్నాడు.