మామ స్వెటరుకు గంజి పెట్టాను

కొత్త కోడలు ఇంట్లో ఏమేం పాడుచేయగలదో ఎవరైనా జాబితా రాస్తే, ఉడకబెట్టిన స్వెటరు అందులో ఉండదు. వికారాబాద్ మొత్తంలో ఆ ఘనకార్యం చేసినదాన్ని నేనొక్కదాన్నే. వింటే మీరు నోరు వెళ్ళబెడతారు. నేను అప్పుడు వెళ్ళబెట్టిన నోరు ఇంకా పూర్తిగా మూతపడలేదు.

డెబ్బైల చివరి మాట. మా అత్త పోయి నాలుగేళ్ళు. ఆమె అల్లిన ఆకుపచ్చ స్వెటరును మా మామ చలికాలమంతా ఒంటిమీది నుంచి తీసేవాడు కాదు. దాని మోచేయి చిరిగింది. తాండూరులో ఉండే ఆయన కూతురు, అంటే మా వదిన, ఓసారి వచ్చినప్పుడు దాన్ని నా చేతిలో పెట్టింది.

"సుశీలా, అమ్మ యాది గిదొక్కటే ఉన్నది. నేను మళ్ళొచ్చేసరికి జర బాగుచెయ్యి. పైలం!"

"ఫికర్ చెయ్యకు వదినా."

క్రోషే సూదితో ఒక్కొక్క పోగే పట్టి మోచేయి అల్లేశాను. అదెంత బాగా కుదిరిందంటే, మిగతా స్వెటరంతా మాసినట్టు కనబడింది. సరే, ఉతుకుదామనుకున్నాను. మా పుట్టింట్లో ఉతకడానికి ఒకటే పద్ధతి. సోడా వేసి పొయ్యిమీద ఉడకబెట్టాలి, తాండూరు బండమీద బాదాలి, గంజి పెట్టాలి. ధోవతులకు చేసేదే స్వెటరుకూ చేశాను. మామగారిది కదా అని గంజి కాస్త చిక్కగా పెట్టాను.

ఎండాక తీసి చూశాను. ఆరడుగుల మామ స్వెటరు అయిదేళ్ళ పిల్లకు సరిపోయేలా ఉంది. కింద పెడితే, చేతులు చాచి దానంతటదే నిలబడింది! అబద్ధమంటారా? గంజి చిక్కగా పెట్టానని ముందే చెప్పాను.

అంతలో మామ వచ్చాడు. "ఏంది బిడ్డా గది?"

"మీ స్వెటరు, మామా." బావురుమన్నాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గుంజితె సాగదా?"

"సాగదు."

"నీళ్ళల్ల నానేస్తె?"

"ఇగ ఏం చేసినా గింతే. మాఫ్ చెయ్యుండ్రి మామా."

ఆయన వాకిలి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. "పక్కానా?"

"పక్కా."

"ఏడ్వకు బిడ్డా. పదేండ్ల సంది గోకి గోకి సచ్చిన. ఒళ్ళంత ఒకటే దురద. చెప్తె మీ అత్త నొచ్చుకుంటదని చెప్పలె. ఆమె పోయినంక ఇడువబుద్ధి కాలె. గిప్పుడు నువ్వు పుణ్యం కట్టుకున్నవ్."

నా ఏడుపు టక్కున ఆగిపోయింది.

మర్నాడు వదిన రైలు దిగి వచ్చింది. స్వెటరును చూడగానే చేతిలో సంచి జారిపోయింది. "అయ్యో, అమ్మ స్వెటరు! నాయినా, నీకెంత బాధైందో!"

"ఏం చేస్తం బిడ్డా," అన్నాడు మామ, ముఖం వేలాడేసి.

వదిన కళ్ళు తుడుచుకుని సంచి విప్పింది. "పాతది ఎన్ని దినాలు ఆగుతదోనని నాకు మొదటి సందే భయమే. అమ్మ పెట్టెల గదే ఊలు మిగిలి ఉండె. గదే డిజైన్ల ఇంకోటి అల్లిన. చలికి మంచిగుంటదని మెడ గూడ గదుమ దాంక ఎక్కిచ్చిన. ఏస్కో నాయినా!"

మామ వేసుకున్నాడు. ముఖం కూతురివైపు నవ్వుతోంది. కుడిచెయ్యి మెల్లగా వీపుమీదికి పోతోంది. చూపు మాత్రం నామీదే.

వదిన అటు తాండూరు రైలెక్కిందో లేదో, ఇటు మామ వంటింటి గడపలో ప్రత్యక్షమయ్యాడు.

"బిడ్డా, ఇంట్ల సోడా ఉన్నదా?"

అప్పటికే నేను బట్టలుతికే బండమీద చెయ్యేసి, ఈ జన్మలో ఊలును ఉడకబెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు నేటికీ తప్పలేదు. పాపం, మామే అయిదు చలికాలాలు గోక్కున్నాడు.