పిక్కకు చెవి ఆనించిన కాక

ఉదయం ఆరున్నరకు గోదావరిఖనిలోని దవాఖానలో రిపోర్ట్ చేశాను. ఎండ నాకన్నా ముందే డ్యూటీ ఎక్కింది. కిట్: రెండు లుంగీలు, ఒక చెంబు, వాళ్లిచ్చిన ఆకుపచ్చ గౌను. గౌనుకు ముందువైపు కాపలా గట్టిదే. వెనక సరిహద్దు మొత్తం తెరిచి ఉంది. పద్దెనిమిదేళ్ల ఫౌజులో అంత బలహీనమైన పోస్టు నేను చూడలేదు.

ఆపరేషన్ పేగుకు. ఎనిమిదింటికి బల్ల ఎక్కించారు. కాళ్లు పైకెత్తి స్టాండ్ల మీద కట్టారు. ఎనిమిది గంటలు అలాగే. నేను మాత్రం మత్తులో పాత మంచు పోస్టులో తిరుగుతున్నాను. బొగ్గు లారీలు తెల్లటి మంచు నింపుకుని చప్పుడు లేకుండా పోతున్నాయి. ఎవరో నా ఎడమ బూటు లేసులు బిగిస్తున్నారు. చాలు భాయ్ అన్నా వినడు. ఇంకా బిగిస్తున్నాడు.

సాయంత్రం ఐదింటికి వార్డులో మెలకువ వచ్చింది. మంచు పోయింది. బూటు బిగువు పోలేదు. దుప్పటి ఎత్తి చూశాను. బూటే లేదు.

కడుపు మీది కోత పిల్లిలా పడుకుంది. ఎడమ పిక్కలో మాత్రం ఫిరంగుల రెజిమెంటు మొత్తం దిగింది.

"నొప్పి ఎట్లుంది సార్?" నర్సు అడిగింది.

"సబ్ ఠీక్."

ఫౌజులో నేర్చుకున్న రిపోర్టు అదొక్కటే. ఆమె రాసుకుని వెళ్లింది.

పక్క మంచం మీద ఒక పెద్దాయన, వార్డంతా కాక అని పిలుస్తారు, హెర్నియా ఆపరేషనై మూడో రోజు. ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో కర్రతో పైకప్పును కొట్టి, చప్పుడు విని, కూలుతుందో లేదో చెప్పినవాడు.

"ఏంది ఫౌజీ, ఠీక్ అంటివి, పండ్లు కొరుకుతున్నవ్?"

"ఏం లేదు కాకా. కాలు గుంజుతుంది."

"కోసింది కడుపు గద? కాలెందుకు గుంజుతది?"

పొట్ట పట్టుకుని, సెలైన్ సీసాతో సహా వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. పిక్క నొక్కాడు. వేలి కణుపుతో కొట్టాడు. వంగి చెవి పెట్టాడు.

"బండ లెక్క అయింది. కప్పు గిట్ల బిగిస్తే మేం ఆడ నిలవం, ఉరుకుతం. బొటనేలు ఆడించు."

వేలికి ఆర్డర్ ఇచ్చాను. కదల్లేదు. ఆయనే పట్టి పైకి వంచాడు. నేను పెట్టిన కేకకు రామగుండం పొగగొట్టాలు పొగ మింగేసి ఉంటాయి.

"సిస్టరమ్మా, జల్ది రా! ఈన అబద్ధం చెప్పిండు!"

సర్జన్ పరుగున వచ్చాడు. నొక్కి చూసి ముఖం మార్చాడు.

"కాళ్లు చాలాసేపు ఎత్తి ఉంచితే అరుదుగా ఇట్లయితది. కండ వాచింది, దాని మీద ఉండే పొర సాగదు, లోపల రక్తం ఆడదు. ఇప్పుడే పొర కోయాలె. లేటైతే కాలే పోతది. ముందే ఎందుకు చెప్పలే?"

"ఇంత నొప్పి మామూలేననుకున్న సార్."

ఆరూ నలభైకి మళ్లీ బల్ల మీదున్నాను. పిక్కను రెండు పక్కలా చీల్చారు. గాయాలు కొన్నాళ్లు తెరిచే ఉంచి, తర్వాత తొడ చర్మం తెచ్చి అతికించారు. ఇరవై ఆరో రోజు రెండు కాళ్ల మీద ఇంటికొచ్చాను. ఎడమది కాస్త వెనకబడి నడుస్తుంది.

ఇప్పుడు ఎవరైనా బాగున్నవా అంటే, నొప్పి ఎక్కడో, ఎంతో, ఏ గంటకు మొదలైందో పూర్తి రిపోర్ట్ ఇస్తున్నాను. కాలనీలో జనం నన్ను చూసి సందు మారుతున్నారు.

కళ్లు మూస్తే మంచు పోస్టు రావడం మానేసింది. సీసాను ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, నా పిక్కకు చెవి ఆనించి, కొండ లోపలి మాట వింటున్నట్టు ఊపిరి బిగబట్టిన కాక వస్తాడు. నేనూ ఊపిరి బిగబడతాను.