బూజు కోసం మొక్కిన మొక్కు

ఆ రోజుల్లో దేవుణ్ణి ఏది అడగాలో, ఏది అడగకూడదో నాకు తెలిసేది కాదు. బస్సు రావాలని మొక్కేదాన్ని, వచ్చాక సీటు కోసం మళ్ళీ మొక్కేదాన్ని. బడికి పోకుండా ఇంట్లో అమ్మ దగ్గరే నాలుగు ముక్కలు నేర్చుకున్న నాకు నాచారంలో ఒక చిన్న ల్యాబులో గాజు పళ్ళేలు కడిగే పని దొరకడం (ఇప్పటికీ అంటాను) ఆయన దయే.

ఆ పళ్ళేలలో వరికి అగ్గితెగులు తెచ్చే బూజును పెంచేవారు. మధ్యాహ్నపు ఎండ పడితే అవి బూడిదరంగు మబ్బు తునకల్లా ఉండేవి. కడగడం మరిచి చూస్తూ ఉండిపోయేదాన్ని. పరిశోధన చేసే అక్క ఒక వరస పళ్ళేలకు ఎర్ర చుక్క పెట్టుకుని రోజూ పదిసార్లు దిగులుగా చూసేది. మిగతావి మబ్బుల్లా పరుచుకుంటే, అవి మాత్రం రూపాయి బిళ్ళంత కూడా కాలేదు. ఆమె మూడేళ్ళ కష్టం ఆ పళ్ళేల మీదే ఉందని విని, అవి పెరగకే ఆమెకు దిగులనుకున్నాను. చిల్కానగర్‌లో మా ఇంటి దగ్గరి హనుమంతుడికి మొక్కాను: "అక్క బూజు మంచిగ పెరగాలె స్వామీ, పదకొండు ప్రదక్షిణలు చేస్త." శుక్రవారం ఆ పళ్ళేలుండే పెట్టెకు పసుపు బొట్టు కూడా పెట్టాను (లోపల కాదు, తలుపు మీదే).

బొట్టు అక్క కంట పడింది. "ఏందే ఇది?" అంటే మొక్కు సంగతి చెప్పాను. అక్క కుర్చీలో కూలబడి, "ఓ తల్లీ, అది పెరగొద్దే. పెరిగితే నా పని ఖతం" అంది.

తర్వాత నెమ్మదిగా విడమరిచింది. "పొద్దెక్కింది లెవ్వు అని మీ అమ్మ పిలుస్తది సూడు, గట్లనే బూజు లోపల ఒక ప్రొటీన్ ఉంటది. 'ఆకు మీదికొచ్చినవ్, ఇగ పెరుగు, లోపలికి చొరబడు' అని అది కబురు చెప్తది. ఆ ప్రొటీన్‌ను నేను తీసేసిన. లేపెటోళ్ళు లేకుంటే ఇది పండుకునే ఉంటదా అని సూస్తున్న. నువ్వేమో హనుమంతుణ్ణి పంపి లేపుతున్నవ్. పోయి మొక్కు వాపసు తీసుకో."

సాయంత్రం గుడికి పరుగెత్తాను. పంతులుగారు అంతా విని, "బూజు పెరగాలని మొక్కినోళ్ళను నేనైతే సూడలే బిడ్డా. స్వామి గూడ ఇంకా ఆలోచన జేస్తుండొచ్చు. జర నిమ్మళంగ ఉండు" అన్నారు. నిమ్మళం ఎక్కడిది? వారమంతా తల వంచుకుని, "పండుకో, పండుకో" అని గొణుగుతూనే పళ్ళేలు కడిగాను.

ఎర్ర చుక్కలవి లేవలేదు. వరి ఆకు మీద పెట్టినా మచ్చ పడలేదు. అక్క ఆ ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పచ్చదనం ఆమె ముఖం మీద వాలింది. "నీ స్వామి విన్నడే" అంది. నా మొదటి మాటా, రెండోదా అని నేను అడగలేదు. ప్రదక్షిణలు మాత్రం పదకొండూ చేశాను, అడిగింది ఇవ్వనందుకు.

ఇప్పుడు ఉప్పల్‌లో మా వంటింట్లో బియ్యం కడిగినప్పుడల్లా నాలోని ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది. మొన్న డబ్బాలో మరిచిపోయిన రొట్టెకు బూజు పట్టింది. పారేయబోతూ ఒక్క క్షణం ఆగి, "నిన్నెవరు లేపిన్రమ్మా?" అని అడిగాను.