నేల మీంచి లేవడం

మా అత్త బాత్రూమ్ గడప దగ్గర జారి కూలబడిన రోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఆయన పొద్దున్నే ఎచ్చెర్ల బస్సెక్కేశారు. అక్కడ ఆయనకి గుమాస్తా ఉద్యోగం, చీపురుపల్లి నుంచి రోజూ వెళ్ళి రావాలి. మా అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటుంది. నేను ముందుగదిలో మిషను మీద ఒక పట్టు జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. లోపల తడిబట్టల మూట జారవిడిచినట్టు చప్పుడైంది.

వెళ్ళి చూస్తే గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చునుంది. తలకి తగల్లేదనీ, తుంటి నొప్పి లేదనీ తనే చెప్పింది.

"లెగదియ్యి నన్ను," అంది.

చంకల కింద చేతులు దూర్చి లాగాను. ఆమె కొంచెం పైకి వచ్చి మళ్ళీ కిందికి దిగిపోయింది. మా అత్త సన్నటి మనిషి కాదు. గజపతినగరం దగ్గర పల్లెలో వయసంతా పొలం పని చేసిన ఒళ్ళు. మామ పోయాక మా దగ్గరికి వచ్చి, మోకాళ్ళ నొప్పులని మంచానికి అలవాటు పడింది. బలం పోయింది, బరువు ఉండిపోయింది. రెండోసారి లాగేసరికి నా నడుంలో ఏదో కలుక్కుమంది. ఆమె పక్కనే నేనూ చతికిలబడ్డాను. అత్తాకోడళ్ళం తడినేల మీద పక్కపక్కన కూర్చుని కాసేపు ఎదురుగోడ చూశాం.

"ఇప్పుడేటి సేస్తావు?" అని అడిగింది.

పక్కన కొత్త ఇల్లు కడుతున్నారు. ఎలాగో లేచి, కిటికీలోంచి తాపీపనివాళ్ళని కేకేశాను. ఇద్దరొచ్చి చెరో రెక్కా పట్టుకుని ఆమెను లేపి మంచం మీద కూర్చోబెట్టారు. మర్యాదగానే చేశారు. కానీ లేపేటప్పుడు ఆమె కుచ్చిళ్ళు ఊడిపోయాయి, పైట జారిపోయింది. నేను నడుం పట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాను, వెళ్ళి కప్పలేకపోయాను. వాళ్ళు తలలు పక్కకి తిప్పుకుని బయటికి వెళ్ళిపోయారు.

సాయంత్రం కొడుకు వచ్చాక, నాకు వినబడేలా ఆయనతో అంది: "పరాయి మొగోళ్ళ సేత ఎత్తించీసింది రా. అలగే ఒగ్గీసినా బాగుండును."

మా ఆయన ఇద్దరి మొహాలూ చూసి, బాత్రూమ్ గోడకి పట్టుకోవడానికి గొట్టం బిగించాలనీ, గడప దగ్గర రబ్బరు పట్టా వెయ్యాలనీ అన్నారు. ఆ వారంలోనే రెండూ అమిరాయి. ఆయన బాధపడే పద్ధతి అది.

నా నడుం మాత్రం సర్దుకోలేదు. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. మిషను తొక్కడం మానలేను కాబట్టి వీపు వెనక దిండు పెట్టుకుని తొక్కేదాన్ని. అలా ఉన్న రోజుల్లోనే కోచ్ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. అందరూ ఆమెని కోచ్ అనే పిలుస్తారు, ఊళ్ళో పిల్లలకి బరువులెత్తడం నేర్పుతుంది. ముప్పై దాటి ఉంటాయి. ఒకప్పుడు తనూ పోటీలకి వెళ్ళింది. మా వైపు బరువులెత్తే ఆడపిల్లలు వింతేమీ కాదు. వింతల్లా వాళ్ళ జాకెట్లు. రెడీమేడువి వాళ్ళ భుజాలకి ఎక్కవు, మామూలు టైలర్లు చంక దగ్గర తప్పు చేస్తారు. నేను టేపు పట్టుకుని ఆమె వెనక్కి వెళ్ళాను. నడుం కొలత దగ్గరికి వచ్చేసరికి వంగలేక, స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"అక్కా, నడుం ఏటయ్యింది?"

చెప్పాను. లోపల అత్త వింటుందని గొంతు తగ్గించి చెప్పాను.

"ఆమె బరువెక్కువై కాదక్కా. నువ్వు కాళ్ళు కర్రల్లాగ నిలబెట్టీసి, నడుంతో లాగినావు. నొప్పి తగ్గనీ, డాక్టరు సరే అన్నాక మా షెడ్డుకి రా. లేపడం నేర్పుతాను."

"ఈ వయసులో నాకెందుకమ్మా?"

"మళ్ళీ పడితే ఎవులు లేపుతారు?"

నొప్పి తగ్గి, డాక్టరు సరే అన్నాక వెళ్ళాను.

ఆ షెడ్డు రైసుమిల్లు వెనక ఉంది. పైన రేకులు, కింద గట్టి మట్టి, మధ్యలో మందపాటి చెక్కబల్లలు పరిచిన చదరం. ఇనుప రాడ్డు ఒకటి, దానికి తొడిగే బిళ్ళలు కొన్ని, తుప్పు పట్టినవి. మిగతావన్నీ ఆమె చేసుకున్నవే: రంగు డబ్బాల్లో సిమెంటు పోసి తీసిన గుండ్లు, బియ్యం సంచుల్లో ఇసుక నింపి కుట్టిన బస్తాలు, ఒక ట్రాక్టరు టైరు. పిల్లలు బడికి వెళ్ళిపోయాక నన్ను రమ్మంది. మా అమ్మాయి వదిలేసిన పంజాబీ డ్రెస్సు వేసుకుని, పైన చున్నీ కప్పుకుని, వీధిలో ఎవరూ ఆపి అడక్కుండా వేగంగా నడిచి వెళ్ళాను.

మొదటి రోజు బరువేమీ ఇవ్వలేదు. ఒక చీపురుకర్ర నా వీపు మీద నిలువుగా ఆనించింది. తల వెనక, భుజాల మధ్య, నడుం కింద, మూడు చోట్లా తగులుతూ ఉండాలి, అలా తగులుతూనే వంగాలి అంది. నేను వంగగానే కర్ర నడుం దగ్గర పైకి లేచిపోయేది.

"అలగ కాదు. రెండు సేతుల్లో సామానుందనుకో. బీరువా తలుపు ఎలగ మూస్తావు?"

"వెనకతో తోస్తాను."

"తొయ్యి మరి."

లేని బీరువాని వెనక్కి తోశాను. కర్ర కదల్లేదు. వంగడమంటే నడుం వంచడం కాదు, తుంటి దగ్గర మడవడం అని అప్పుడు తెలిసింది. కుట్టుపని మనిషిని కదా, మడత ఎక్కడ పడాలో తెలిస్తే మిగతా గుడ్డ దానంతటదే కూర్చుంటుందని నాకు తెలుసు. అదే సంగతి నా ఒంటికి కూడా వర్తిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

తరవాత స్టూలు మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం. తరవాత సిమెంటు గుండు రెండు చేతులా పట్టుకుని లేవడం. రెండు చేతుల్లో రెండు నీళ్ళ బకెట్లతో, ఒక చుక్క కూడా తొణక్కుండా, షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి నడవడం. రాడ్డు చాలా ఆలస్యంగా ఇచ్చింది. నేల మీంచి దాన్ని ఎత్తి, నిటారుగా నిలబడి, మళ్ళీ అలాగే దింపాలి. దాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారని చెప్పింది. ఎత్తే ముందు ఊపిరి పీల్చి కడుపు బిగబట్టమంది. బరువు కాళ్ళకి ఆనించినట్టే పైకి రావాలంది. ఒంటికి దూరంగా ఉంటే చిన్న బరువైనా పెద్దదైపోతుందంది.

మొదట్లో నా తొడలు మెట్లు దిగనిచ్చేవి కావు. కొంగు దోపుకుని గోడ పట్టుకుని నడుస్తుంటే మా అత్త మంచం మీంచి చూసేది.

"నిన్నెవులు కొట్టినారే?"

"ఎవులూ కొట్టలేదత్తా. బరువులు ఎత్తుతన్నాను."

"ఇంట్లో పని సాలక బయట బరువు కూడా కావాలా?" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

వానలు తగ్గి చలి మొదలయ్యేసరికి నడుం నొప్పి సంగతి మరిచిపోయాను. ఒక ఇసుక బస్తా ఇంటికి తెచ్చుకుని, ముందుగదిలో దాన్ని కౌగలించుకుని లేపడం సాధన చేసేదాన్ని. మా అత్త తలుపులోంచి చూస్తోందని తెలుసు. ఒకరోజు అడిగాను, ఒక్కసారి నిన్ను లేపి చూస్తానని.

"నాను బస్తాననుకున్నావేటి?" అని గయ్యిమంది.

మరో జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి కోచ్ మా ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతి తేలింది. గుడ్డ నా చేతిలో పెట్టి, నేరుగా లోపలికి వెళ్ళి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మామ్మా, పొలంలో వరిమోపులు మోసినావా?"

"మొయ్యక? నెత్తిమీద మోపెట్టుకుని గట్టు మీద పరిగెత్తీదాన్ని."

"అయితే నీకు తెలుసు. మోపు నెత్తికెక్కించడం ఎత్తీవోళ్ళ ఒక్కరి పని కాదు, మోసీవోళ్ళదీ కూడాను. నిన్ను మీ కోడలు లేపాలంటే నువ్వూ లెగాల. పాదాలు ఎనక్కి లాక్కో. ముందుకి వంగు. ముక్కు కాలివేళ్ళ మీదకి రావాల."

మా అత్త ఆ పిల్ల భుజాలకేసి కాసేపు చూసింది. తరవాత పాదాలు వెనక్కి లాక్కుంది.

నేను ఎదురుగా నిలబడి, మోకాళ్ళు మడిచి, ఆమె వీపు చుట్టూ చేతులు వేశాను. ఆమె గడ్డం నా భుజం మీద ఆనింది. కొబ్బరినూనె, నొప్పుల మందు కలిసిన వాసన. పెళ్ళై వాళ్ళింటికి కోడలిగా వచ్చాక మేమిద్దరం అంత దగ్గరగా ఉండటం అదే మొదలు. కాన్పుకి వెళ్ళినప్పుడు గానీ, మామ పోయినప్పుడు గానీ ఒకరినొకరం పట్టుకున్నది లేదు. అలవాటు లేదు, అంతే. ఊపిరి బిగబట్టి లేచాను. ఆమె నాతో పాటు లేచి నిలబడింది. నేను అనుకున్నదానికంటే తేలికగా వచ్చింది, ఎందుకంటే ఆమె కూడా లేచింది.

"ఒగ్గియ్యి, సాలు," అంది. కానీ వెంటనే కూర్చోలేదు.

ఆ రోజు నుంచి ఆమె తన పని తను మొదలుపెట్టింది. కిటికీ ఊచలు పట్టుకుని మంచం మీంచి లేవడం, కూర్చోవడం. కొన్నాళ్ళకి ఊచలు వదిలేసింది. ఇసుక నింపిన నీళ్ళ సీసాలు చేతిలో పట్టుకుని టీవీ ముందు ఎత్తేది. కోచ్ అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్ళేది. నేల మీంచి లేవడం కూడా నేర్పింది: పక్కకి తిరిగి, చేతుల మీదా మోకాళ్ళ మీదా ఒరిగి, స్టూలు పట్టుకుని, ఒక పాదం ముందుకి వేసి లేవాలి. దుప్పటి పరిచి, మోకాళ్ళ కింద దిండు పెట్టి చేయించేవాళ్ళం. సగంలో ఆగిపోయి మమ్మల్నిద్దర్నీ తిట్టేది. కొన్ని రోజులు అసలు చెయ్యనని మొండికేసేది. మేం బలవంతం చెయ్యలేదు. మర్నాడో ఆ మర్నాడో "ఆ స్టూలిటు తే," అనేది.

ఎండలు ముదిరాక ఒకరోజు షెడ్డు నుంచి వచ్చి చూస్తే మంచం ఖాళీగా ఉంది. బాత్రూమ్ తలుపు తీసి చూశాను, లేదు. వంటింట్లో నేల మీద కూర్చునుంది. 

"అయ్యో అత్తా, ఎప్పుడు పడిపోయినావు?"

"పడిపోడం ఏటి? కూసున్నాను."

ముందు కత్తిపీట ఉంది, పక్కన గిన్నెలో ఉప్పునీళ్ళు, అందులో సగం వంకాయ ముక్కలు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆమె కత్తిపీట ముట్టుకోలేదు, నేల మీద కూర్చోలేదు. నేను చాకుతో గట్టు మీద తరిగే ముక్కలు సమంగా ఉండవని అనేది మాత్రం. గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. వంకాయలు అయిపోయాక కత్తిపీట మడిచి పక్కకి నెట్టింది. నేను చెయ్యి చాపితే, "నువ్వు నిలబడు," అంది. పక్కకి తిరిగింది. చేతులు ఆనించింది. స్టూలు ముందే తెచ్చిపెట్టుకుంది. ఒక పాదం ముందుకి వేసి, మధ్యలో ఆగి, మూలిగి, లేచింది. లేచి చేతులు కడుక్కుని, "ఆ ముక్కలు నల్లబడిపోతాయి, తాళింపెయ్యి," అంది.

సాయంత్రం ఆ సంగతి మా ఆయనకి చెప్పాను. ఆయన నమ్మలేదు. మళ్ళీ చేసి చూపించమంటే, "ఆటనుకున్నావేటి?" అని ఆమె ఒప్పుకోలేదు.

తరవాత ఆమెకి గజపతినగరం వెళ్ళాలనిపించింది. అక్కడ ఆమె చెల్లెలుంది. రైలు మెట్లు ఎక్కలేక కొన్నేళ్ళుగా ఫోను మీదే మాటలు. విజయనగరంలో రైలు మారి వెళ్ళాం. మెట్లు ఎత్తుగా ఉన్నా, కమ్మీ పట్టుకుని ఎక్కింది, నేను వెనక నిలబడ్డాను గానీ చెయ్యి వెయ్యాల్సిన అవసరం రాలేదు. చెల్లెలు మంచం మీద ఉంది. అక్క కంటే చిన్నదే గానీ బాగా తగ్గిపోయి ఉంది. మా అత్త పక్కన కూర్చుని, యోగక్షేమాలు కూడా అడక్కుండా, "పాదాలు ఎనక్కి లాక్కో, ముక్కు ముందుకెట్టు," అని మొదలెట్టింది.

చెల్లెలు నవ్వింది. "నాకొద్దే అప్పా. నాను ఇలగే బాగున్నాను."

మా అత్త ఇంకోసారి చెప్పి చూసింది. తరవాత మానేసింది. ఇద్దరూ మధ్యాహ్నమంతా పోయినవాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. తిరుగు రైల్లో కిటికీ దగ్గర కూర్చుని, "దానికి చిన్నప్పట్నుంచీ మంకుతనమే," అని ఒక్క మాట అంది.

మర్నాడు మామూలుగానే లేచి కూర్చోవడం చేసింది.

చెల్లెలు ఆ చలికాలంలో పోయింది. కబురు తెలియగానే మా ఆయన కారు మాట్లాడారు. ఆ ఇంటి వసారాలో చాప మీద శవాన్ని పడుకోబెట్టారు, చుట్టూ ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. ఎవరో మా అత్తకి కుర్చీ తెచ్చారు. ఆమె వద్దంది. నా చెయ్యి కూడా పట్టుకోకుండా, నెమ్మదిగా ఒక మోకాలు, తరవాత రెండోది ఆనించి, చెల్లెలి తల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. చెల్లెలి జుట్టు చెదిరి ఉంటే చేత్తో సర్దింది, చెవి వెనక్కి దోపింది. తీసుకెళ్ళేదాకా అక్కడే ఉంది.

అందరూ లేచి స్నానాలకి బయల్దేరారు. వసారా ఖాళీ అయింది. తనంతట తను లేవగలదని నాకు తెలుసు కాబట్టి స్టూలు కోసం చుట్టూ చూశాను. ఆ ఇంట్లో స్టూలు కనిపించలేదు. కుర్చీ తెద్దామని కదలబోయాను.

"కుర్చీ వొద్దు, నువ్వు రా," అంది.

పాదాలు వెనక్కి లాక్కుంది. నేను ఎదురుగా మోకాళ్ళు మడిచి కిందికి దిగితే, రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసింది. నేను ఊపిరి పీల్చి, ఆమెను ఒంటికి దగ్గరగా తీసుకుని లేచాను. ఈసారి ఆమె నాతో పాటు లేవలేదు. బరువంతా నాకే వదిలేసింది. పైకి వచ్చాక కూడా చాలాసేపు తల నా భుజం మీంచి తియ్యలేదు. నేను కాళ్ళు ఎడంగా పెట్టి, కదలకుండా నిలబడ్డాను.